ప్యానెల్ తలుపు లోపలి రాత

నన్ను బెంగళూరులోని వైట్‌ఫీల్డ్ ప్రాంతానికి వేసింది పదవీ విరమణకు ఇరవై రెండు నెలల ముందు, ఒక జూన్ నెలలో. హోదా ఉప విద్యుత్ తనిఖీ అధికారి. ఈ మాట చెప్పగానే పెళ్ళిళ్ళలోనూ బస్సుల్లోనూ నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, మా వీధిలో కరెంటు ఎందుకు పోతోందండీ అని. కరెంటు ఇచ్చేదీ, బిల్లు వేసేదీ, తీగ తెగితే అతికేదీ వేరే సంస్థ. మా శాఖ పని ఒక్కటే. పెద్ద కనెక్షన్ ఉన్న చోట ఆ సామాను మనిషి ప్రాణం తియ్యకుండా ఉందా లేదా అని చూసి సంతకం పెట్టడం. ఆ సంతకం పడనిదే లైన్ ఎక్కించడానికి వీల్లేదు. ముప్పై మూడేళ్ళు నేను ఆ సంతకమే పెట్టాను. ఇప్పుడు చెప్పబోయేది అందులో ఒక్క సంతకం గురించి. తలుచుకుంటే ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది కనుక, నా మాట అక్కడక్కడా గరుకుగా ఉంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఆ రోజుల్లో మా టేబుల్ మీదికి వచ్చే దరఖాస్తుల్లో సగం కరెంటు బండ్ల చార్జర్లవే. ఫాస్ట్ చార్జర్ అంటే చాలామంది ఫోన్ చార్జర్‌కి అన్నయ్య అనుకుంటారు. అరవై కిలోవాట్ల చార్జర్ ఒక్కటి పూర్తి బలంతో నడిస్తే, ఇరవై ఇళ్ళలో గీజర్లన్నీ ఒకేసారి వేసినంత లోడు. అది మూడు ఫేజుల కరెంటు తీసుకుని, లోపల దాన్ని మార్చి, బండి బ్యాటరీలోకి నేరుగా తోస్తుంది. పైగా అది ఫ్యాక్టరీలో తాళం వేసిన గదిలో ఉండే యంత్రం కాదు. ఎండలో, వానలో, ఆరుబయట నిలబడి ఉంటుంది. దాన్ని ముట్టుకునేది శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్ కాదు, దారినపోయే ఎవరైనా సరే. అందుకే నిబంధనలు దానికి కాస్త గట్టిగా ఉంటాయి.

అందులో రెండు నిబంధనలు తెలిస్తే ఈ కథకు చాలు. మొదటిది ఎర్తింగ్. యంత్రం లోపల ఎక్కడైనా తీగ తోలు చిరిగి ఇనుప ఒంటికి తగిలితే, ఆ కరెంటు మనిషిలోంచి కాకుండా తనకంటూ ఉన్న సులువైన దారిన పోయి బ్రేకర్‌ను పడగొట్టాలి. ఆ దారి కోసం నేలలో గొయ్యి తీసి, గొట్టం దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపుతారు. దాన్ని ఎర్త్ పిట్ అంటాం. అయితే పిట్ ఒక్కటీ చాలదు. చార్జర్ ఒంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా, నడుమ ఎక్కడా తెగకుండా, ఒక లోహపు పట్టీ పరవాలి. మట్టిని నమ్ముకోకూడదు, మట్టి ఒకరోజు తడిగా ఉంటుంది, ఇంకోరోజు ఎండిపోతుంది. రెండోది ఆర్‌సీసీబీ అనే చిన్న పెట్టె. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. ముప్పై మిల్లీ ఆంపియర్లు, అంటే మనిషి గుండె తట్టుకునేపాటి కరెంటు తేడా వచ్చినా, కన్ను మూసి తెరిచేలోగా లైన్ తెంపేస్తుంది.

వైట్‌ఫీల్డ్‌లో ఒక ఐటీ పార్కు వెనక, అంతకుముందు కల్యాణ మండపం ఉన్న ఖాళీ స్థలంలో, ఒక కంపెనీ నాలుగు ఫాస్ట్ చార్జర్లతో యార్డు పెట్టింది. ఆఫీసు క్యాబ్‌లు అక్కడ వరుస కట్టి చార్జింగ్ చేసుకోవాలని ఏర్పాటు. సొంత ట్రాన్స్‌ఫార్మర్ గేటు పక్కన, చార్జర్లు నలభై అడుగుల అవతల, మధ్యలో బండ్లు తిరగడానికి కాంక్రీటు రోడ్డు. నక్షాలు మా దగ్గరికి వచ్చాయి. రోడ్డు కింద ఎర్త్ పట్టీ చక్కగా ఎర్రగీతతో గీసి ఉంది. నేనే ఆమోదించాను. పని పూర్తయ్యాక కాంట్రాక్టర్ పూర్తి నివేదిక, పరీక్షల కాగితాలు పంపాడు. జనవరి రెండో వారంలో తనిఖీకి రోజు ఖరారు చేశాం.

ఇక్కడ మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. తనిఖీకి ముందురోజు మా ఆఫీసు నుంచి సైట్‌కి ఒక ఫోన్ వెళ్ళేది. రేపు మేడం వస్తారు, పిట్లకు నీళ్ళు పోసి పెట్టండి అని. ఇది లంచం కాదు, దొంగతనం కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైఅధికారి నాకు నేర్పిన పద్ధతి. ఎండిన పిట్‌లో మీటర్ ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు సైట్ ఫెయిలవుతుంది, మళ్ళీ తేదీ, మళ్ళీ ప్రయాణం, ఎందుకొచ్చిన బాధ అని. పిట్‌కు వారం వారం నీళ్ళు పొయ్యడం నిర్వహణలో భాగమే కూడా. కనుక అందరికీ అది మర్యాదలాగే ఉండేది. నేనూ వందల ఫోన్లు చేయించి ఉంటాను. ఒక్కసారన్నా తప్పనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే, పరీక్షకు ముందురోజు ప్రశ్నపత్రం మేమే పంచినట్టుంది.

ఆ రోజు పదకొండు గంటలకు వెళ్ళాను. కంపెనీ తరఫున ప్రాజెక్ట్ మేనేజర్ కార్తీక్ ఎదురొచ్చాడు. గుంటూరు కుర్రాడు, ముప్పై నిండి ఉండవు, మాట్లాడితే సగం ఇంగ్లీషు. కాంట్రాక్టర్ వైర్‌మ్యాన్ వెంకటేశప్ప వెనక నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. అత్తిబెలె నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాడు. మాలాగే ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివిన పాత బెంగళూరు వైపు వాళ్ళు. పిట్ల దగ్గర నాకు కుర్చీ వేశారు, కొబ్బరి బొండం కొట్టి ఎళనీరు ఇచ్చారు. నా సహాయకుడు రెండు మేకులు దిగ్గొట్టి, ఎర్త్ మెగ్గర్ అనే మీటర్ తగిలించి తిప్పాడు. నాలుగు పిట్లూ ఒక ఓమ్ లోపే చూపించాయి. అంతకంటే మంచి రీడింగ్ ఎవరూ అడగరు. రోడ్డు కింద పట్టీ ఉందా అని చూడాలంటే చార్జర్ ఒంటికీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్య మీటర్ పెట్టాలి, పొడుగు తీగ కావాలి, అరగంట పని. రీడింగ్ ఇంత బాగుంటే పట్టీ ఉండకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. ఆర్‌సీసీబీలు నాలుగూ బటన్ నొక్కి చూశాను, పడ్డాయి. సంతకం పెట్టాను.

పట్టీ లేదు. కాంక్రీటు తొందరలో, పట్టీ పరవకుండానే రోడ్డు పోసేశారు. చార్జర్ల పక్కనున్న పిట్లు ఒక దీవి, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో దీవి. నడుమ ఉన్నదల్లా మట్టి.

ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు వైట్‌ఫీల్డ్‌లో బోర్లు ఎండిపోయి తాగడానికే ట్యాంకర్ల కోసం వరుసలు. పిట్లకు నీళ్ళు పొయ్యమంటే ఎవరు పోస్తారు? కంపెనీ వెంకటేశప్పను కాంట్రాక్టర్ దగ్గర్నుంచి తీసుకుని యార్డు నిర్వహణకు పెట్టుకుంది. ఒక్కడే మనిషి. మార్చి చివర్లో నాలుగో చార్జర్ ఆర్‌సీసీబీ పడడం మొదలైంది. మొదట రోజుకు ఒకసారి, తర్వాత గంటకొకసారి. పడినప్పుడల్లా క్యాబ్ డ్రైవర్లు గొడవ, వాళ్ళకు షిఫ్టు టైమ్. కార్తీక్‌కు పైనుంచి ఒత్తిడి. ఒకరోజు ఆ పెట్టెను పక్కకు తప్పించి, తీగను నేరుగా కలిపేశారు. లైన్ పడడం మానేసింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

మే మొదటి వారం, పొద్దున పదిన్నర. కదిరి నుంచి వచ్చి ఆరేళ్ళుగా బెంగళూరులో క్యాబ్ నడుపుతున్న సలీం బాషా, చార్జింగ్ అయ్యేలోగా బండి తుడుచుకుందామని బకెట్‌లో గుడ్డ ముంచాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు, తడవకుండా. తుడవడం అయ్యాక చార్జింగ్ గన్ను బండి నుంచి తీసి చార్జర్‌కు తగిలించడానికి వెళ్ళి, కుడిచేత్తో చార్జర్ తలుపు అంచు పట్టుకున్నాడు. కరెంటు అరచేతిలోంచి ఎక్కితే చెయ్యి మూసుకుపోతుంది. వదులుదామన్నా వదలదు. పక్క బండి డ్రైవర్ చార్జర్ మీదున్న ఎర్ర బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. ఎందుకంటే తీగ తోలు చిరిగిన చోటు ఆ బటన్‌కు ముందే ఉంది. వెంకటేశప్ప గేటు దగ్గర్నుంచి చూసి, ఉన్న పరుగంతా పరిగెత్తి మెయిన్ దించేశాడు. సలీం కింద పడ్డాడు. ఊపిరి ఉంది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు. ఉండడానికి ఉంది, వేళ్ళు మూతపడవు.

విద్యుత్ ప్రమాదం జరిగితే ఇరవై నాలుగు గంటల్లోగా మాకు తెలియజెయ్యాలి, ఆ ప్రాంతపు అధికారి వెళ్ళి విచారణ చెయ్యాలి. అంటే ఆ సామానుకు సంతకం పెట్టినవాళ్ళే దాని తప్పు కూడా వెతకాలి. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, వాళ్ళ బుద్ధికి ఒక దండం. మర్నాడు నేను వెళ్ళేసరికే కంపెనీ ఉత్తరం టైప్ చేయించి సిద్ధంగా పెట్టింది. సారాంశం ఇది: సైట్ వైర్‌మ్యాన్ తనంతట తాను, ఎవరి అనుమతీ లేకుండా, భద్రతా పరికరాన్ని తొలగించాడు. అతని పర్మిట్ రద్దు చేసి చర్య తీసుకోవాలి. పోలీసులకిచ్చిన ఫిర్యాదులోనూ అతనొక్కడి పేరే. వాళ్ళు మా నివేదిక కోసం ఆగారు. వైర్‌మ్యాన్ పర్మిట్ అంటే మా శాఖ పరీక్ష పెట్టి ఇచ్చే కాగితం. అది రద్దయితే ఈ రాష్ట్రంలో అతను బల్బు కూడా అధికారికంగా మార్చలేడు. యాభై మూడేళ్ళ మనిషికి వేరే పని ఎవరిస్తారు?

కార్తీక్‌ను అడిగాను, ఆర్‌సీసీబీ పడుతోందని నీకు తెలుసా అని.

"మేడం, అది న్యూసెన్స్ ట్రిప్పింగ్ అండి. వెండర్‌కి టికెట్ రెయిజ్ చేశాం. ఈలోగా ఆయనే ఏదో లూప్ వేసేశాడు, మాకు నోటీస్‌లో లేదు," అన్నాడు.

న్యూసెన్స్ ట్రిప్పింగ్, అంటే ఏ కారణమూ లేకుండా ఊరికే పడడం. ఈ మాట ఎవరు కనిపెట్టారో వాళ్ళను నాలుగో చార్జర్ ముందు చెప్పుల్లేకుండా నిలబెట్టాలి. నేను చార్జర్ అడుగు పలక విప్పించి చూశాను. లావు కేబుల్ లోపలికి వచ్చే చోట గ్లాండ్, అంటే కేబుల్‌ను బిగించి కాపాడే ఇత్తడి కట్టు, లేదు. పలక అంచు కత్తిలా ఉంది. లోపల ఫ్యాన్లు తిరిగినప్పుడల్లా ఒణికి ఒణికి, ఆ అంచు తీగ తోలును నెలల తరబడి కోస్తూ వచ్చింది. ఆర్‌సీసీబీ తనను తప్పించేదాకా ఇదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని చెబుతూనే ఉంది. చెప్పిన దాని నోరు నొక్కారు.

తర్వాత పిట్లకు మీటర్ పెట్టించాను. ఈసారి ఫోన్ చెయ్యలేదు, నీళ్ళు లేవు. మొదటి పిట్ నలభై ఆరు ఓములు. చార్జర్‌కీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్య పట్టీ ఉంటే మీటర్ దాదాపు సున్నా చూపించాలి. అదీ పదుల్లోనే చూపించింది. మీటర్ పాడయిందేమోనని ఇంకొకటి తెప్పించాను. అదీ అదే చెప్పింది. జనవరిలో నేను చెయ్యకుండా వదిలేసిన అరగంట పని అది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియక వెంకటేశప్ప మీద పడ్డాను.

పట్టీ వెయ్యలేదని నీకు తెలుసు కదయ్యా, ఆ రోజు నాకెందుకు చెప్పలేదు అని అరిచాను. అతను తల దించుకోలేదు. గొంతు పెంచనూ లేదు.

"మీరు అడగలేదమ్మా. వచ్చి పిట్ కాడ కూసుంటిరి, మీటరు సూస్తిరి, పోతిరి. మీ ఆఫీసోళ్ళే కదమ్మా నీళ్ళు పోసి పెట్టమని ఫోన్ చేసినది. ఇంక నేనేం చెప్పేది?"

 

ఆ పెట్టెను తప్పించి లూప్ ఎవరు వెయ్యమన్నారు అని అడిగాను. ఫోన్‌లో చెప్పారన్నాడు. రాతలో ఉందా అంటే, వాళ్ళు రాసివ్వరమ్మా, నేను రాసుకుంటాను అని యార్డు స్విచ్చులన్నీ ఉన్న ప్యానెల్ గది వైపు నడిచాడు. "తలుపు తెరిసి సూడండమ్మా. అంతా ఉండాది."

పాత వైర్‌మ్యాన్లకు ఒక పద్ధతి ఉంది. రిజిస్టర్లు తడుస్తాయి, పోతాయి, ఎవరో ఎత్తుకుపోతారు. ప్యానెల్ తలుపు ఎక్కడికీ పోదు. అందుకని ఏ ఫ్యూజు ఎప్పుడు మార్చిందీ, ఏ ఫేజులో ఏం తేడా ఉందీ, తలుపు లోపలివైపు నల్ల మార్కర్‌తో రాసిపెడతారు. తర్వాత వచ్చే మనిషికి దారి తెలియాలని. మా అధికారులెవరూ ఆ రాతలు చదవరు. తలుపు తెరుస్తాం, లోపల చూస్తాం, మూస్తాం. నేను ముప్పై మూడేళ్ళలో ఎన్ని తలుపులు తెరిచానో లెక్కలేదు, ఒక్కటీ చదవలేదు.

ఈ తలుపు మీద పైనుంచి కిందికి, కన్నడ లిపిలో, బడిపిల్లవాడి గుండ్రని అక్షరాలతో, తేదీలు వేసి మరీ రాసి ఉంది. కింది సగంలో చార్జర్ సంగతి. నాలుగు పడింది, కార్తీక్ సార్‌కు చెప్పాను. నాలుగు మూడుసార్లు పడింది, ఎక్కడో లీకు ఉంది, విప్పి చూడాలి, సార్ వద్దన్నారు. డైరెక్ట్ చెయ్యమని సార్ ఫోన్, మధ్యాహ్నం రెండుంబావు. చేశాను. కొత్త పెట్టె వారంలో వస్తుందన్నారు. తర్వాత మూడు చోట్ల ఒకే మాట: కొత్త పెట్టె రాలేదు.

పై సగం జనవరిది. రోడ్డు కింద పట్టీ వెయ్యలేదు, సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఇన్‌స్పెక్టర్ ఆఫీసు ఫోన్, పిట్లకు నీళ్ళు, ట్యాంకర్లు రెండు. దాని కింది వరస ఇది. మేడం పదకొండుకు వచ్చినారు, పదకొండూ నలభైకి పోయినారు. పిట్ చూసినారు. పట్టీ అడగలేదు.

నాలుగు ఫాస్ట్ చార్జర్లకు నలభై నిమిషాలు. అందులో ఎళనీరు కూడా ఉంది.

తలుపు మొత్తం ఒకే ఫ్రేములో వచ్చేలా ఫోటో తీసుకున్నాను. కార్తీక్ అది చూసి, ఇదంతా ప్రమాదం తర్వాత రాసుకున్నదే మేడం, కేసు నుంచి తప్పించుకోవడానికి, అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ అతని వాదనలో బలం ఉంది. మార్కర్ రాతకు వయసు ఎవరు చెబుతారు? కింది సగం ఒక్కటే పెడితే ఏ విచారణలోనూ నిలబడదు. దాన్ని నిలబెట్టేది పై సగమే. నేను ఎన్నింటికి వచ్చానో, ఎన్నింటికి వెళ్ళానో, మా ఆఫీసు నుంచి ఫోన్ ఏ రోజు వెళ్ళిందో, ఇవి కార్తీక్‌కూ గుర్తుండవు, పోలీసులకూ తెలియవు. నా తనిఖీ డైరీలో ఉన్నాయి, ఆఫీసు ఫోన్ రిజిస్టర్‌లో ఉన్నాయి. రెండూ తీసి చూశాను. నిమిషం తేడా లేకుండా కలిశాయి. ప్రమాదం తర్వాత కూర్చుని అల్లుకునేవాడికి పదకొండూ నలభై ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రాత ఏ రోజుది ఆ రోజే పడిందని చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. చెప్పాలంటే నా తప్పు నేనే ఒప్పుకోవాలి.

ముసాయిదా నివేదిక తీసుకుని మా పైఅధికారి దగ్గరికి వెళ్ళాను. చెడ్డమనిషి కాదు, నాకంటే రెండేళ్ళు చిన్న. కన్నడంలో నెమ్మదిగా చెప్పాడు. ఫోటోలో కింది సగం చాలమ్మా, ప్రమాదానికి సంబంధించింది అదే కదా. పైన ఉన్నవి పాత సంగతులు. మీకు ఏడాది కూడా లేదు, ఈ వయసులో చార్జ్ మెమో ఎందుకు? శాఖ పరువు కూడా చూడాలి అన్నాడు.

కింది సగంతో ఆ వైర్‌మ్యాన్ బతకడు సార్ అన్నాను. అది పోలీసులు చూసుకుంటారు, పర్మిట్ సంగతి మన లైసెన్సుల బోర్డు చూసుకుంటుంది, మీరు కనిపెట్టింది మాత్రం రాయండి అన్నాడు. ఎవరి పని వాళ్ళు చూసుకుంటే చాలునట. ఆ యార్డులో అందరూ చేసింది సరిగ్గా అదే. కాంట్రాక్టర్ తన రోడ్డు చూసుకున్నాడు, కార్తీక్ తన చార్జింగ్ చూసుకున్నాడు, నేను నా పిట్ చూసుకున్నాను. అందరి పనీ సవ్యంగానే అయింది, ఒక మనిషి చెయ్యి పోయింది. ఈ మాట ఆయన మొహం మీదే అనేశాను. గొంతు బయట హాల్లోకి వినిపించిందని తర్వాత మా గుమాస్తా చెప్పాడు.

ఒక రోజంతా ఆ కాగితం నా బల్ల మీద ఉంది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఆ రోజు నేను ధైర్యంగా ఏమీ లేను. ముప్పై మూడేళ్ళ రికార్డులో ఒక్క మచ్చ లేదు. ఫోటోను సగానికి మడిచి కూడా చూశాను. మడిస్తే చాలా శుభ్రంగా కనిపించింది. నాకు నా మీదే అసహ్యం వేసింది. కంచే చేను మేస్తే అని మనం ఊరికే వాడేస్తుంటాం గానీ, ఆ కంచె సంతకం కూడా పెడుతుందని అప్పుడు తెలిసింది.

నివేదిక పూర్తి ఫోటోతోనే పంపాను. మూడు పేజీలు. ప్రమాదానికి కారణాలు వరసగా రాశాను. గ్లాండ్ లేకపోవడం. ఆమోదించిన నక్షాకు విరుద్ధంగా పట్టీ వెయ్యకపోవడం. మేనేజర్ ఫోన్ ఆదేశంతో ఆర్‌సీసీబీని తప్పించడం. పిట్లు ఎండిపోవడం. చివరిది, తనిఖీ అధికారి పట్టీని పరీక్షించకుండా, ముందురోజు తడిపించిన పిట్ల రీడింగ్ మీద ఆధారపడి అనుమతి ఇవ్వడం. ఆ అధికారి పేరు కూడా రాశాను, నాదే కనుక. వైర్‌మ్యాన్ తప్పు కూడా దాచలేదు. నోటి మాట మీద లూప్ వెయ్యకూడదు, వేసినప్పుడు ఆ చార్జర్‌కు తాళం పెట్టి ఉండాల్సింది అని రాశాను. అయితే అతను ప్రతి అడుగూ నమోదు చేశాడనీ, ఆ నమోదు నా డైరీతో సరిపోలిందనీ, మెయిన్ దించి ప్రాణం కాపాడింది అతనేననీ రాశాను.

ఫలితాలు ఇవి. యార్డుకు సరఫరా ఆపారు. రోడ్డు తవ్వి పట్టీ వేసి, నలుగురి ఎదుట పరీక్షించాకే మళ్ళీ ఇచ్చారు. కాంట్రాక్టర్ లైసెన్స్ ఏడాది నిలిపేశారు. కేసు కంపెనీ మీదికీ కాంట్రాక్టర్ మీదికీ వెళ్ళింది. కార్తీక్‌ను కంపెనీ ఆ నెలలోనే తీసేసింది. డైరెక్ట్ చెయ్యమని చెప్పేదాకా అతని మీద ఒత్తిడి తెచ్చిన పైవాళ్ళు ఎవరో ఎన్నడూ బయటికి రాలేదు, ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. వెంకటేశప్ప పర్మిట్ రద్దు కాలేదు, ఆరు నెలలు సస్పెండ్ చేశారు. ఇప్పుడు జిగణిలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. నాకు చార్జ్ మెమో, తర్వాత అభిశంసన. పదవీ విరమణ రోజు సభలో మా పైఅధికారి నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు, ఈ సంగతి ఎత్తలేదు. మా శాఖ సర్క్యులర్ కూడా తీసింది, తనిఖీకి ముందు సైట్‌లకు ఫోన్ చెయ్యరాదని. చేతులు కాలాక ఆకులు.

రిటైరవడానికి ముందు సలీం బాషాను చూడడానికి వెళ్ళాను. ఫైల్‌లో గాయాల వివరం పూర్తి చెయ్యాలి, అదీ ఒక కారణం. మారతహళ్ళి దగ్గర ఒక గదిలో ఉన్నాడు. చెయ్యి చాపి చూపించాడు. బండి నడపడం కుదురుతుందా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, అడగక తప్పదు. "లైసెన్సు ఉండాది మేడం, చెయ్యే లేదు," అన్నాడు. చార్జర్‌ను చెక్ చేసినారా మేడం, ముందు ఎవరన్నా చూసినారా అని అడిగాడు. చూశాను, నేనే చూశాను అన్నాను. అయితే అప్పుడు బాగుండిందా అన్నాడు. అప్పుడు కూడా బాగాలేదు, నేను సరిగా చూడలేదు అని చెప్పాను. అతను తల ఊపాడు.  నేను ఫారం నింపుకుని వచ్చేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పదలుచుకున్నది ఇంతే. కాంక్రీటు పోసే ముందు వెళ్ళి చూడండి, పోశాక కాదు. కొలవాల్సింది పిట్ దగ్గర కాదు, మనిషి చెయ్యి పెట్టే చోట. చెప్పి వెళ్ళకండి. ప్యానెల్ తలుపు తెరిస్తే, దాని లోపలివైపు ఏం రాసుందో కూడా చదవండి. మన సంతకం కింద మనం వేసే తేదీ, ఆ ఒక్క రోజుకు మాత్రమే హామీ. నేను జనవరిలో ఒకరోజు పిట్‌ను కొలిచాను. సలీం బాషా చార్జర్ తలుపు పట్టుకున్నది నూట పదమూడు రోజుల తర్వాత.